వేషభాష

కొంతకాలము క్రిందట మేము చదువు చెప్పు పాఠశాలలో నొక చిన్న సంగతి జరిగినది. పదవ తరగతి బాలు డొకడు చెవికి పైభాగమున జుట్టును బొత్తిగా గొఱిగించుకొని, యందు కత్తితో మూడు గీతలు గీయించుకొని తరగతికి వచ్చెను. “ఏమిరా, ఇది బడి అనుకొన్నావా, సినిమా హాలు అనుకొన్నావా?” అని గద్దించితిమి. వాడు తల వంచుకొని నిలుచుండెను, బదులు చెప్పలేదు. చెప్పుటకు మేము వ్యవధి నిచ్చితిమనుటకును వీలులేదు. తోడి బాలురు నవ్వుచుండగా నాలుగు కఠినోక్తు లాడి, జుట్టు పెరుగువఱకు బడికి రావలదని పంపివేసితిమి. వాడు పది దినములు రాలేదు. ఆ పది దినములును క్రమశిక్షణను కాపాడితిమన్న తృప్తితోనే మే ముంటిమి. ఆ మూడు గీతల యర్థము మాకు తరువాత దెలిసినది. దానిని ఈ వ్యాసము తుదిని విన్నవింతుము. తెలిసిన పిమ్మట సిగ్గుపడి, విద్యార్థిదశలో నొకసారి చదివి పెట్టెలో బడవేసిన యొక యాంగ్లగ్రంథమును మఱల దీసి చదివితిమి. ఈ విమర్శ ఆ గ్రంథమును గూర్చినది.

డిక్ హెబ్డిజ్ అను నాంగ్లేయుడు రచించిన ‘సబ్‌కల్చర్: ది మీనింగ్ ఆఫ్ స్టైల్’ అనునది ఆ గ్రంథము. ‘ఉపసంస్కృతి: వేషధోరణి యర్థము’ అని మనము చెప్పుకొనవచ్చును. దానిని 1979లో లండనునందు మెథ్యూన్ వారు ప్రకటించిరి. గ్రంథకర్త బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమందలి సంస్కృతీ పరిశోధన కేంద్రమున జదివినవాడు. ఆ కేంద్రమును 1964లో రిచర్డ్ హోగార్ట్ స్థాపించెను. తరువాత దానిని నడిపిన స్టువర్ట్ హాల్ జమైకా ద్వీపమున బుట్టి, చదువుకొఱకు ఇంగ్లండునకు వచ్చినవాడు. సంస్కృతి యన కావ్యములు, చిత్రపటములు, సంగీతసభలు మాత్రమే కావనియు, కార్మికుల బిడ్డలు తొడుగు కోటు, వారు విను పాట, వారు గుమిగూడు వీధిమూల కూడ సంస్కృతియే యనియు, వానిని గూడ కావ్యమును జదివినంత శ్రద్ధతో జదువవలయుననియు వీరి మతము. పెద్ద సంఘములో నుండియే, తమకని వేఱొక వేషమును, మాటతీరును, పాటను ఏర్పఱచుకొనిన చిన్నబృందము యొక్క జీవనమునకు వారు ఉపసంస్కృతి యని పేరు పెట్టిరి.

ఇట్టి బృందములు రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండులో నొకదానివెంట నొకటి బయలుదేరినవి. 1950 దరిదాపుల గొందఱు కార్మికయువకులు మోకాళ్ల వఱకు వ్రేలాడు పొడవుకోట్లు తొడిగి టెడ్డీ బాయ్స్ అనిపించుకొనిరి. ఆ కోటు నిజమునకు ధనికకుటుంబముల యువకుల కొఱకు లండను దర్జీలు పునరుద్ధరించిన పాతకాలపు కోటు. కూలివాని కొడుకు దానిని తొడుగగానే ధనికులు దానిని విడిచిపెట్టిరి. 1960 తరువాత మాడ్‌లనువారు వచ్చిరి. వీరు చక్కని సూట్లు తొడిగి, స్కూటర్లెక్కి, చూచుటకు మర్యాదస్థులైన గుమాస్తాలవలెనే కనబడుదురు; మర్యాద కొంచెము మితి మీఱుటయే వారి ధిక్కారము. 1976లో పంక్‌లు వచ్చిరి. మన భాషలో పంకమన బురద. ఆంగ్లమున ఆ మాటకు పనికిమాలినవాడని యర్థము. లోకము తమ్ము నెట్లు పిలుచునో ఆ పేరునే వారు ముందుగా దమకు బెట్టుకొనిరి. చినిగిన చొక్కాలు, చెత్త నింపు ప్లాస్టిక్కు సంచులు, మరుగుదొడ్ల గొలుసులు, రంగు పూసిన నిక్కబొడుచుకొను జుట్టు, చెంపకు గ్రుచ్చిన పిన్నీసు, ఇవి వారి యాభరణములు.

ఇది యంతయు వెఱ్ఱి యని త్రోసివేయుటకు ముందు చదువరులు తమ యింటి చరిత్రను తలచుకొందురు గాక. పిలక తీసి క్రాపు పెట్టించుకొనిన మా తాతగారిని వారి తండ్రిగారు ఆఱు మాసములు పంక్తిభోజనమునకు రానీయలేదని మా యింట జెప్పుకొందురు. ఆ క్రాపుతోనే తీయించుకొనిన వారి ఛాయాపటము నేడు మా యింటి గోడమీద పూజ్యముగా నున్నది. మఱి కొందఱికి వేషము ప్రాణసంకటమైనది. తిరువాన్కూరులో నాడారు స్త్రీలు రవిక తొడిగి ఱొమ్ము కప్పుకొనుట యగ్రవర్ణముల కపరాధముగా దోచెను. దశాబ్దముల పోరాటము పిమ్మట 1859లో గాని సంస్థానము వారికి ఱొమ్ము కప్పుకొను ననుమతి నీయలేదు. కాబట్టి గుడ్డముక్కలో నేమున్నదని మనము మాత్ర మడుగరాదు.

హెబ్డిజ్ చెప్పు ప్రధానవిషయమును మన యలంకారశాస్త్ర పరిభాషలో జెప్పిన సులభముగా బోధపడును. శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన యని మూడు వృత్తులు గలవు. ‘గంగలో గొల్లపల్లె యున్నది’ యన్నచో, ప్రవాహములో పల్లె యుండదు గనుక ముఖ్యార్థమునకు బాధ కలుగుచున్నది. ఒడ్డున నున్నదని లక్షణచే గ్రహింతుము. ఆ పల్లె చల్లదనమును, పావనత్వమును వ్యంజనచే స్ఫురించును. ఇప్పుడు పిన్నీసును జూడుడు. మన యిండ్లలో స్త్రీలు గాజులకు దగిలించుకొని యుంచు వస్తు వది. చినిగిన బట్టను కలిపి పట్టుట దాని ముఖ్యార్థము. దానిని చెంపకు గ్రుచ్చుకొనినచో ముఖ్యార్థమునకు బాధ కలిగినది. అప్పుడు చూచువాడు ఆగి, ఇందులో వేఱొక యర్థ మున్నదని వెదకవలసివచ్చును. చౌకయైన యింటివస్తువును దాని చోటునుండి పెఱికి, ధిక్కారమునకు గుర్తుగా ముఖమున ధరించుటలో నొక ధ్వని కలదనియు, ఈ బృందముల వేషములన్నియు నిట్టి ధ్వనికావ్యములే యనియు గ్రంథకర్త సిద్ధాంతము. ఇట్లు దొరికిన వస్తువులను క్రొత్తగా గూర్చి క్రొత్త యర్థము పుట్టించు పద్ధతిని వివరించుటకు ఆతడు ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు లెవీ స్ట్రాస్ చెప్పిన ‘బ్రికొలాజ్’ అను భావమును గైకొనెను.

ఆ ధ్వని దేనిని సూచించుచున్నది? గ్రంథమునందలి మిక్కిలి విలువగల భాగము ఇచ్చటనే యున్నది. 1976 నాటికి బ్రిటనులో పనిలేనివారి సంఖ్య పది లక్షలు దాటినది. బడి విడిచిన పిల్లలకు పని లేదు. వార్తాపత్రికలు దేశము క్షీణించుచున్నదని దినదినము వ్రాయుచుండగా, ఆ క్షీణతకు దమ దేహమునే బొమ్మగా జేసి వీథిలో నిలబెట్టిన వారు పంక్‌లని హెబ్డిజ్ చూపెను. అంతకంటె లోతైన మాట మఱియొకటి చెప్పెను. 1948లో విండ్‌రష్ అను నోడ వెస్టిండీసు ప్రజలను ఇంగ్లండు తీరమున దింపినది మొదలు, తెల్ల యువకుల ప్రతి వేషమునకును వెనుక నల్లవారితోడి సంబంధము నీడవలె నున్నదట. మాడ్‌లు నల్లవారి సంగీతమును బ్రేమించిరి. 1958లో నాటింగ్ హిల్ ప్రాంతమున నల్లవారిపై దాడి చేసినవారిలో టెడ్డీ బాయ్స్ ఉండిరి. పంక్‌లు జమైకావారి రెగే పాటను విని, తామును తమ దేశమందే పరదేశుల మని చెప్పుకొనిరి. ఒకే గుడ్డముక్కలో ప్రేమయు ద్వేషమును రెండును దాగియుండగలవని యింత స్పష్టముగా జూపిన గ్రంథమును మేము వేఱొకటి చదివియుండలేదు.

పెద్దలు ఈ ధ్వని నెట్లు వినిరి? వినకుండుటకు రెండుపాయములు గలవని హెబ్డిజ్ చెప్పుచున్నాడు. మొదటిది భయపడి దూషించుట. 1964లో ఈస్టరు పండుగనాడు క్లాక్టన్ అను సముద్రతీరపు టూరిలో కొందఱు కుఱ్ఱవాండ్రు కొట్లాడుకొని కిటికీలు పగులగొట్టిరి. పత్రికలు దానిని మహాసంగ్రామముగా వర్ణించినవి. ఆ యతిశయోక్తియే తరువాతి కొట్లాటల కెట్లు త్రోవ చేసెనో స్టాన్లీ కోహెన్ 1972లో నొక గ్రంథమున నిరూపించెను. దుష్టుడని పదిసార్లు పిలువబడినవాడు పదునొకండవసారి ఆ పేరునకు దగినట్లు నడుచుకొనును. ఈ సత్యము నెఱుగని యుపాధ్యాయుడు లేడు. దీనిని మఱవని యుపాధ్యాయుడును అరుదే.

రెండవ యుపాయము కొనివేయుట. ఇది యింకను గట్టిది. 1977లోనే జాండ్రా రోడ్స్ అను వస్త్రశిల్పి చిల్లులును పిన్నీసులును గల ఖరీదైన దుస్తులను ధనికస్త్రీలకు దయారుచేసెను. పంక్ దుస్తులను మొదట రూపొందించినవారిలో నొకతెయైన వివియన్ వెస్ట్‌వుడ్ 1992లో రాణీగారి చేతిమీదుగా గౌరవపతకము నందెను; 2006లో ‘డేమ్’ బిరుదమును బొందెను. 2013లో న్యూయార్కు మెట్రపాలిటన్ మ్యూజియము వారు పంక్ వేషములకు ప్రదర్శన పెట్టిరి. నేడు మన పట్టణములలో మోకాలివద్ద చినిగిన ప్యాంటు చినుగని దానికంటె నెక్కువ వెలకు అమ్ముచున్నారు. చినుగుకూడ కార్ఖానాలో చేయబడుచున్నది! నిందించినవాడు ధ్వనిని తప్పుగానైన విన్నాడు. అమ్మినవాడు ధ్వనిని తీసివేసి శబ్దమును మాత్రమే మిగిల్చినాడు. అంగడి కెక్కిన ధిక్కారము ఎవనిని ధిక్కరించును?

ఇంతవఱకు గ్రంథము యొక్క గుణములు. ఇక దోషములను జెప్పవలెను. మొదటిది స్వస్తిక విషయము. కొందఱు పంక్‌లు నాజీల స్వస్తికను చొక్కాలపై ధరించిరి. వారు నాజీమతము నంగీకరించినవారు కారనియు, జనులను ఉలికిపడజేయుటకే ధరించిరనియు, అర్థము వట్టిపోవుటయే యా గుర్తునకు బ్రయోజనమనియు గ్రంథకర్త సమాధానము చెప్పుచున్నాడు. ఇది మాకు సమ్మతము కాదు. వ్యంగ్యార్థము స్ఫురించుటకు వక్త యెవడు, వినువా డెవడు, దేశకాలము లెట్టివి యని యన్నియు జూడవలెనని మమ్మటుడు కావ్యప్రకాశమున జెప్పియున్నాడు. మన గడపలపై మంగళచిహ్నమైన స్వస్తిక లండను వీథిలో మంగళచిహ్నము కానట్లే, పంక్ చొక్కాపై వట్టి గుర్తును కాజాలదు. నాజీల చెఱలో దల్లిదండ్రులను గోల్పోయిన యూదుడు ఆ వీథిలోనే నడచుచుండును గదా! అతనికి దోచు నర్థమును దుడిచివేయు నధికారము చొక్కా తొడిగిన కుఱ్ఱవానికి లేదు, గ్రంథకర్తకును లేదు. ధిక్కారము పైవాని మొగమునకు విసరినప్పుడే ధిక్కారము. దెబ్బతిన్నవాని పుండుపై బడినచో నది క్రౌర్యమే.

రెండవ దోషము గృహిణులకు వెంటనే తోచునట్టిది. ఈ గ్రంథమున యువతు లక్కడక్కడ కనబడుదురే గాని, వారి కథ కనబడదు. వీథిమూల నిలుచుటకు మగపిల్లవానికి గల స్వేచ్ఛ ఆడపిల్లకు లేదు. ఆమె తన గదిలో నేస్తురాండ్రతో గూర్చుండి పాట వినును, గోడకు బొమ్మ లంటించును, ముచ్చటలాడును. అదియు నొక సంస్కృతియే గదా యని బర్మింగ్‌హామ్ కేంద్రమునకే చెందిన యాంజెలా మక్రాబీ, జెన్నీ గార్బర్ అను విదుషీమణులు 1976 నాటికే ప్రశ్నించిరి. 1980లో మక్రాబీ హెబ్డిజ్ గ్రంథమునే పరీక్షించి, యువకుల వీథిజీవనమును గీర్తించువారు ఇంటిలో జరుగుదాని నేల చూడరని యడిగెను. ఆమె ప్రశ్నను మేము మన యిండ్లకు వర్తింపజేసి చెప్పుదుము: ధిక్కారవేషధారి యింటికి రాగానే అతనికి వేడియన్నము వడ్డించు తల్లిని, చొక్కా నుతికిపెట్టు చెల్లెలిని గూర్చి యాతని ధిక్కార మేమి చెప్పుచున్నది? బయట లోకమును దిరుగబడిన వాడు ఇంట పాతలోకపు దొరగానే యున్నచో, ఆ తిరుగుబాటు సగమే.

యువతులు లేకపోలేదు సుమా. 1977లో పాలీ స్టైరిన్ అను పేరుతో నొక యిరువదేండ్ల యువతి లండనులో బాడుచుండెను. ఆమె తండ్రి సోమాలియావాడు, తల్లి తెల్లజాతి స్త్రీ. ఆమె చౌకప్లాస్టిక్కు పేరు తనకు బెట్టుకొని, పండ్లకు గట్టిన తీగ కనబడునట్లు నోరు తెఱచి, ఆడుదియన నోరు మూసికొని యందముగా నుండవలెనను మాటను దిరస్కరించెను. స్త్రీని వస్తువుగా జేయు లోకమునకు వస్తువు పేరుతోనే బదులు చెప్పుట కంటె మంచి ధ్వని యేమి కలదు?

మూడవది, గ్రంథకర్త తానే యొప్పుకొన్న దోషము. తాను వర్ణించిన బృందములవారు ఈ గ్రంథములో దమ్ము దాము గుర్తుపట్టుట మిక్కిలి యరుదని యాతడు చివర వ్రాసెను. ఈ నిజాయితీ మెచ్చదగినది. కాని, వక్తనే యడుగక వ్యంగ్యార్థము నిర్ణయించు సహృదయుడు ఎంత పండితుడైనను తన మనస్సులోని మాటనే పరుని నోట బెట్టు ప్రమాదము కలదు. పైగా వేషమే ధిక్కారమైనచో, పాలకునకు నష్టమేమి? చొక్కా చినిగినంతమాత్రమున కూలి పెరుగలేదు, పని దొరకలేదు.

వేషమునకు వాక్కును, క్రియయు దోడయినప్పుడు సంగతి వేఱు. 1976లో జాతిద్వేషమునకు వ్యతిరేకముగా ‘రాక్ అగైన్‌స్ట్ రేసిజమ్’ అను నుద్యమము లండనులో బుట్టెను. 1978 ఏప్రిలు 30వ తేదీని విక్టోరియా పార్కున తెల్లవారును నల్లవారును ఒకే వేదికపై బాడిరి. పాలీ స్టైరిన్ బృందమును పాడెను. స్వస్తికతో వట్టిగా నాడుకొనిన వేషమునకు ఆనా డొక యర్థము స్థిరపడినది. తెలుగునాట నిట్టిదే మఱియొక తీరున జరిగినది. 1965లో హైదరాబాదునందు ఆర్గురు యువకులు తలిదండ్రులు పెట్టిన పేళ్లు విడిచి, నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న యని పేళ్లు పెట్టుకొని దిగంబరకవులైరి. తమ మొదటి సంపుటమును అర్ధరాత్రమున నొక రిక్షా కార్మికునిచే ఆవిష్కరింపజేసిరి. వారి భాషను బెద్దలు అశ్లీలమని నిందించిరి. ఆ నిందలో గొంత న్యాయమును గలదు. కాని వారు గుర్తుతో నాగలేదు. 1970లో వారిలో నలుగురు విప్లవరచయితల సంఘమున జేరిరి. 1971లో ముగ్గురు నిర్బంధచట్టము క్రింద జెఱసాలకు బోయిరి. వారి మార్గముతో మనమేకీభవించినను లేకున్నను, వారి మాటను అంగడిలో అమ్మజూపినవారు లేరు. తాను చెప్పుదానికి మూల్యము చెల్లించువాని ధ్వనిని అంగడి కొనజాలదు.

ఇక మా యపరాధమునకు వత్తము. పదునొకండవ దినమున ఆ బాలుని తల్లి బడికి వచ్చెను. “సార్, వాడు చెప్పనీయడు గాని, నేను చెప్పకపోతే పాపం” అని యిట్లు చెప్పెను. వారి వీథిలో నాఱుగురు బాలురు చిన్ననాటినుండి నేస్తులు. అందొకని తండ్రి మంచముపట్టగా వాడు చదువు మాని యొక క్షౌరశాలలో బనికి గుదిరెను. పని నేర్చుకొనువానికి దల నిచ్చువా రెవ్వరు? చెయ్యి తిరుగనివానిచేత ఎవడును క్షౌరము చేయించుకొనడు. అందుచే తక్కిన యైదుగురు నేస్తులు వరుసగా బోయి వానికి దమ తలల నప్పగించిరి. వాడు నేర్చిన మొదటి పనితనము ఆ మూడు గీతలు. అవి వారికి నేస్తపు గుర్తులు.

చదువు మానిన ఆ బాలుడు మా తరగతివాడే. వాని స్థలము రెండు మాసములనుండి వట్టిగా నున్నది. హాజరుపట్టీలో దినదినము వాని పేరునకెదురుగా గైరుహాజరు వేయుచునే యుంటిమి. ఏల రాలేదని యొక్కనాడును విచారింపలేదు. వట్టిదైన బల్ల మాకు గనబడలేదు; గీతలు గల తల కనబడినది! పిన్నీసును జూచి పనిలేని పది లక్షల మందిని జూడని ఆంగ్లపత్రికలకును మాకును భేద మేమి? మేమును గుర్తునే తిట్టితిమి. గుర్తు చూపుచున్న దిక్కునకు దిరుగలేదు.

హెబ్డిజ్ ఆ గీతలను జూచినచో నందు ధిక్కారమును జదివియుండును. మేము అవిధేయతను జదివితిమి. రెండును దప్పే. అందున్నది స్నేహము. కాని మా మాట గూడ సంపూర్ణము కాదేమో. చదువుకొనవలసిన యీడున బాలునిచేత కత్తి పట్టించు లోకమును ఆ యైదు తలలు నిశ్శబ్దముగా నిలదీయుటలేదా? ఆ విధమున జూచిన హెబ్డిజ్ పూర్తిగా దప్పినవాడు కాడు.

కావున ఈ గ్రంథమును దల్లిదండ్రులును, ఉపాధ్యాయులును జదువదగినదనియే మా యభిప్రాయము. వేషమును భాషగా వినవలెనని యది నేర్పుచున్నది; అది చాల గొప్ప పాఠము. అది నేర్పనిదానిని మనము చేర్చుకొనవలెను: భాషను వినుట యన్నచో మాటలాడినవానిని “ఏమంటున్నావు నాయనా?” యని యడుగుట. ఆ బాలుని మే మడుగలేదు. తరువాత తరగతి యెదుటనే క్షమాపణము చెప్పుకొంటిమి. వాడు నవ్వి యూరకుండెను. మానివేసిన బాలుని యింటికి మూడుసార్లు పోయి, వాడు పనిచేయుచునే దూరవిద్యలో పదవ తరగతి పరీక్ష వ్రాయుట కేర్పాటు చేసితిమి. మొన్న వాని క్షౌరశాలకు బోయి మేమును దల యప్పగించితిమి. గీతలు మాత్రము వలదని చెప్పితిమి.